ఒకే సిరా, ఒకటి కాని కొలతలు: కానింగ్ నది పటం కథ

అలాస్కా ఈశాన్య మూలలో, ఆర్కిటిక్ వలయానికి బాగా ఎగువన, బ్రూక్స్ పర్వతాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఏదని ఇరవై ఏళ్ళ కిందట ఎవరైనా అడిగి ఉంటే, తెలిసినవాళ్ళు ముందు ఎదురు ప్రశ్న వేసేవారు: మీ దగ్గర ఏ పటం ఉంది? అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఒక స్కేలులో వేసిన పటం ఛాంబర్లిన్ శిఖరమే పెద్దదని చెప్పేది. ఎత్తు 9,020 అడుగులు. అదే సంస్థ మరో స్కేలులో వేసిన పటం విప్పితే ఇస్టో శిఖరానిది పైచేయి. రెండూ ప్రభుత్వం అచ్చువేసినవే. రెండింటిలోనూ అంకెలు చక్కటి నల్ల సిరాతో, ఒకే రకం అక్షరాలతో ఉన్నాయి. “సుమారు” అన్న మాట ఎక్కడా లేదు.

ఇందులో ఏది తప్పు అని తేల్చడం కన్నా ఆసక్తికరమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. మనుషులు అరుదుగా అడుగుపెట్టే ఆ కొండమీద 9,020 అనే అంకె ఎలా వచ్చి కూర్చుంది? ఎవరు, ఎక్కడ నిలబడి, దేనితో కొలిచారు? పటాలతో వచ్చిన చిక్కే ఇది. కాలినడకన కొలిచిన నదీ, విమానంలోంచి ఫొటో తీసిన కొండా, ఎవరో చెప్పగా రాసుకున్న పేరూ అన్నీ అచ్చులో ఒకే నాణ్యత గల వస్తువుల్లా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడటానికి ఆ ప్రాంతంలోని కానింగ్ నది కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కానింగ్ నది సుమారు 125 మైళ్ళ పొడవు. ఫ్రాంక్లిన్ పర్వతాల్లో పుట్టి ఉత్తరంగా పారి బోఫోర్ట్ సముద్రంలో కలుస్తుంది. కొండలు దిగాక సముద్రం దాకా చదునైన టండ్రా నేల. చెట్టన్నది లేదు, రోడ్డు లేదు. నది ఒక్క ధారగా కాకుండా గులకరాళ్ళ మీద పాయలు పాయలుగా చీలి, మళ్ళీ కలిసి, మళ్ళీ చీలుతూ పోతుంది. శీతాకాలంలో ఊటనీరు పైకి ఉబికి పొర మీద పొరగా గడ్డకట్టి, లోయ అడుగున పెద్ద మంచు పలకలు ఏర్పడతాయి. జూన్‌లో వచ్చినవాడికి అక్కడ తెల్లటి మైదానం కనబడుతుంది, ఆగస్టు చివర్లో వచ్చినవాడికి రాళ్ళు కనబడతాయి. ఈ ఇద్దరూ చెరొక పటం గీస్తే రెండూ నిజమే.

ఈ నది పటం మీదికి ముందు పేరుగా వచ్చింది, రూపం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. 1826 వేసవిలో బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఫ్రాంక్లిన్ మెకంజీ నది ముఖద్వారం నుంచి పడవల్లో తీరం వెంట పడమరకు బయలుదేరాడు. పొగమంచు, తేలే మంచుగడ్డలు, నిస్సారమైన నీళ్ళు. కనబడినంత మేరకు తీరాన్ని గీసుకుంటూ, దూరంగా నీలంగా కనిపించిన కొండలకు పేర్లు పెట్టుకుంటూ వెళ్ళాడు. ఒక నదికి బ్రిటిష్ రాజకీయ నాయకుడు జార్జి కానింగ్ పేరు, ఒక దీవికి శిల్పి జాన్ ఫ్లాక్స్‌మన్ పేరు, ఒక పర్వత శ్రేణికి రష్యా ప్రభువు రుమ్యాంత్సెవ్ పేరు. ఆ ప్రభువు పేరు ఇంగ్లీషు నోట్లో నలిగి రొమాన్‌జోఫ్ అయింది. ఆగస్టు నడుమ, ముందుకు పోతే తిరిగి రాలేమని తెలుసుకుని, ఒక ఇసుక మేట దగ్గర వెనుదిరిగాడు. ఆ చోటికి రిటర్న్ రీఫ్ అని పేరు. ఓటమిని ఇంత నిజాయితీగా పటంలో రాసుకున్నవాళ్ళు తక్కువ.

ఫ్రాంక్లిన్ గీత ఎలాంటిదో గమనించాలి. అది పడవలో కూర్చున్నవాడు చూసిన తీరం. నది అంటే అతనికి సముద్రంలోకి తెరుచుకున్న ఒక నోరు మాత్రమే. దాని వెనక ఎంత పొడవుందో, ఏ లోయలోంచి వస్తోందో తెలియదు. అయినా ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు అట్లాసుల్లో కానింగ్ నది ఉంది, రొమాన్‌జోఫ్ పర్వతాలు ఉన్నాయి. చూసేవాడికి ఆ ప్రాంతం “తెలిసిన” ప్రాంతమే.

కెనడాలోని క్లోండైక్ ప్రాంతంలో బంగారం కోసం వేలంవెర్రి వచ్చాక అమెరికా ప్రభుత్వానికి అలాస్కా పటం అవసరమైంది. 1898 నుంచి భూగర్భ సర్వే సంస్థ ఏటా జట్లను పంపింది. ఒక్కో జట్టులో సాధారణంగా ఒక భూగర్భ శాస్త్రవేత్త, ఒక పటం గీసేవాడు, మూటలు మోసేందుకూ పడవ నడిపేందుకూ కొందరు మనుషులు ఉండేవారు. 1901లో ష్రేడర్, పీటర్స్ అనే ఇద్దరు కోయుకుక్ నది వైపు నుంచి జాన్ నదిని ఎక్కి, అనక్తువుక్ కనుమ దాటి, అటువైపు అనక్తువుక్, కోల్విల్ నదుల్లో దిగి ఆర్కిటిక్ సముద్రం చేరారు. బ్రూక్స్ పర్వతాలను అడ్డంగా కోసిన ఒక గీత అది. గొప్ప ప్రయాణమే, కానీ దాని ఫలితం దారి పటం. నదికి అటూ ఇటూ కంటికి ఆనినంత మేర కొండలు, లోయలు ఉంటాయి. ఆపైన తెల్లకాగితం. ఆ కాలపు స్కేలు నాలుగు మైళ్ళకు ఒక అంగుళం. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసే కాంటూరు గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా 200 అడుగులు. అంటే ఒక్కో గీత సందులో ఇరవై అంతస్తుల భవనం దాక్కోవచ్చు.

కానింగ్ ప్రాంతానికి దక్కింది మరో రకం మనిషి. అతను దాటిపోలేదు, అక్కడే ఉండిపోయాడు.

అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ డి కోవెన్ లెఫింగ్‌వెల్ 1906లో డెన్మార్క్‌కు చెందిన ఎయినార్ మిక్కెల్సెన్‌తో కలిసి ఆర్కిటిక్ యాత్రకు బయలుదేరాడు. వాళ్ళ లక్ష్యం కానింగ్ నది కానే కాదు. బోఫోర్ట్ సముద్రంలో ఉత్తరాన ఇంకా ఎవరూ చూడని భూమి ఏదో ఉందని అప్పట్లో ఒక నమ్మకం. దాన్ని కనిపెడదామని వెళ్ళారు. వాళ్ళ ఓడ డచెస్ ఆఫ్ బెడ్‌ఫర్డ్ ఫ్లాక్స్‌మన్ దీవి దగ్గర మంచులో చిక్కుకుంది. 1907 వసంతంలో లెఫింగ్‌వెల్, మిక్కెల్సెన్, వాళ్ళ జట్టులోని స్టోర్కర్సన్ కుక్కల బండ్లతో గడ్డకట్టిన సముద్రం మీద ఉత్తరానికి నడిచారు. భూమి కనబడలేదు. మంచుకు కన్నం చేసి తాడు వదిలి చూస్తే సముద్రం ఒక్కసారిగా లోతుకు పోయింది. ఖండపు అంచు అక్కడితో అయిపోయిందని అర్థమైంది. తిరిగొచ్చేసరికి వీళ్ళు చనిపోయారనే అందరూ అనుకుంటున్నారు, ఓడ మంచు దెబ్బకు పనికిరాకుండా పోయింది. ఆ ఓడ కలపతోనే దీవి మీద ఇల్లు కట్టారు.

మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారు. లెఫింగ్‌వెల్ మాత్రం ఆ ఓడ చెక్కల ఇంటిని స్థావరం చేసుకుని పటం పని మొదలుపెట్టాడు. మధ్యలో ఇంటికి వెళ్ళొచ్చినా, 1906 నుంచి 1914 వరకు తొమ్మిది వేసవులు, ఆరు శీతాకాలాలు అక్కడ గడిపాడు. కుక్కల బండి మీదో చిన్న పడవలోనో 31 ప్రయాణాలు, మొత్తం దాదాపు 4,500 మైళ్ళు. ఖర్చులో చాలా భాగం సొంత డబ్బే. లేని భూమి కోసం వెళ్ళినవాడు, ఉన్న భూమిని కొలిచి వచ్చాడు.

ఇప్పుడు అసలు పని ఎలా సాగుతుందో చూద్దాం. పటం గీయాలంటే ముందు కావలసింది ఒక్క నిజమైన దూరం. చదునైన చోట రెండు గుర్తులు పాతి, వాటి మధ్య దూరాన్ని ఉక్కు టేపుతో జాగ్రత్తగా కొలుస్తారు. అది ఆధార రేఖ. తర్వాత టేపు పక్కన పెట్టి అన్నీ కోణాలే. ఆధార రేఖ ఒక కొన నుంచి దూరాన ఉన్న గుర్తుకు కోణం, రెండో కొన నుంచి అదే గుర్తుకు కోణం కొలిస్తే త్రిభుజం దొరికిపోతుంది. ఆ త్రిభుజపు భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. సుమారు 150 మైళ్ళ తీరాన్ని లెఫింగ్‌వెల్ మొట్టమొదటిసారి నమ్మదగిన పటంగా చేశాడు.

మాటల్లో సులువే. ఆ తీరంలో మాత్రం గుర్తు పెట్టడానికి గుట్ట లేదు, చెట్టు లేదు. సముద్రం ఒడ్డుకు తోసిన దుంగలే దిక్కు. అవీ అక్కడివి కావు, ఎక్కువగా కెనడాలోని మెకంజీ నది అడవుల నుంచి కొట్టుకొచ్చినవి. దిక్సూచిని నమ్ముకుందామంటే అయస్కాంత ధ్రువం దగ్గరగా ఉండటం వల్ల ముల్లు అసలు ఉత్తరానికి బాగా పక్కకు చూస్తుంది, పైగా బద్ధకంగా కదులుతుంది. నక్షత్రాలను చూసి స్థానం తెలుసుకుందామంటే మే నడుమ నుంచి జులై చివరి దాకా సూర్యుడు అస్తమించడు, చుక్క కనబడదు. చుక్కలు కావాలంటే చలికాలం దాకా ఆగాలి. అప్పుడు కోణాలు కొలిచే పరికరం థియోడలైట్ దుర్భిణిలో కన్ను పెడితే ఊపిరి తగిలి అద్దం మీద మంచు పేరుకుంటుంది. లోహపు మరను ఒట్టి వేళ్ళతో తిప్పితే చర్మం అంటుకుపోతుంది. చేతికి తొడుగు వేసుకుంటే మర సన్నగా తిప్పలేం.

రేఖాంశం మరో తలనొప్పి. తూర్పు పడమరల్లో మనం ఎక్కడున్నామో తెలియాలంటే సరైన సమయం తెలియాలి. నాలుగు సెకన్ల తప్పు భూమధ్యరేఖ దగ్గర దాదాపు 1,850 మీటర్ల తప్పు. నెలల తరబడి చలికి, బండి కుదుపులకు గురైన గడియారం నాలుగు సెకన్లతో ఆగుతుందా? ఇక్కడ మాత్రం భూగోళం కొంచెం కనికరిస్తుంది. 70 డిగ్రీల అక్షాంశం దగ్గర రేఖాంశ రేఖలు దగ్గరకు జరిగిపోతాయి కాబట్టి అదే నాలుగు సెకన్లకు తప్పు సుమారు 630 మీటర్లే. ఆ దేశంలో సర్వేయరుకు ప్రకృతి చేసిన ఉపకారం ఇదొక్కటేనేమో.

ఇక ఎత్తు. మన 9,020 కథకు ఇదే కీలకం.

చదునైన టండ్రాలో నిలబడి 30 మైళ్ళ దూరాన ఉన్న శిఖరాన్ని దుర్భిణిలో చూస్తున్నామనుకుందాం. దూరం తెలుసు, శిఖరం ఎన్ని డిగ్రీల పైన ఉందో కొలుస్తాం, గుణిస్తే ఎత్తు వస్తుంది. తొమ్మిది వేల అడుగుల కొండ అంత దూరం నుంచి మూడు డిగ్రీల పైచిలుకు కోణంలో కనిపిస్తుంది. ఈ కోణంలో ఒక్క నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు తప్పితే ఎత్తు 46 అడుగులు తప్పుతుంది. అంతటితో అయిపోలేదు. భూమి గుండ్రన కాబట్టి 30 మైళ్ళ దూరంలో కొండ అడుగుభాగం దాదాపు 600 అడుగులు నేల వంపు కిందికి దిగి ఉంటుంది. గాలి వెలుగును వంచడం వల్ల అందులో 80 అడుగుల పైచిలుకు తిరిగి పైకి లేచినట్టు కనిపిస్తుంది. మామూలు గాలికి ఈ లెక్క సరిపోతుంది. మంచు మీద చల్లని గాలి, దాని పైన వెచ్చని గాలి పరుచుకున్న రోజున వెలుగు ఇష్టం వచ్చినట్టు వంగుతుంది. కొండలు సాగుతాయి, చదును చేసినట్టు తెగుతాయి, ఒక్కోసారి గాల్లో తేలతాయి. ఉత్తరాన భూమి ఉందన్న భ్రమలకు ఇలాంటి ఎండమావులు చాలాసార్లు కారణమయ్యాయి. అదే గాలిలోంచి అతను కొండల ఎత్తు కొలవాలి.

కొండెక్కి కొలవచ్చు కదా అంటే, అప్పుడు ఆధారం అనెరాయిడ్ బారోమీటర్. జేబు గడియారమంత పెట్టె, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెబుతుంది. ఒత్తిడి పాదరసం లెక్కన అంగుళంలో పదో వంతు మారితే సుమారు 90 అడుగుల తేడా. మనం ఎక్కుతుండగా తుఫాను వస్తే పరికరానికి కొండా తుఫానూ ఒకటే. 1930లలో కోయుకుక్ ఎగువ లోయల్లో తిరిగి పటాలు గీసిన అటవీ నిపుణుడు బాబ్ మార్షల్, డూనెరాక్ అనే శిఖరం పది వేల అడుగుల పైనే ఉంటుందని నమ్మాడు. దాని అసలు ఎత్తు 7,457 అడుగులు. అతను అబద్ధాలకోరు కాడు, మంచి పరిశీలకుడు. కింది నుంచి నల్లగా నిటారుగా కనిపించే కొండ మనిషిని అలాగే మోసం చేస్తుంది.

లెఫింగ్‌వెల్ కొలతల కన్నా నాకు ఎక్కువ ఇష్టమైనవి అతను రాసుకున్న పేర్లు. తన చికాగో విశ్వవిద్యాలయపు పెద్దల పేర్లు కొండలకు పెట్టాడు: భూగర్భ శాస్త్రవేత్త ఛాంబర్లిన్, వెలుగు వేగాన్ని కొలిచిన భౌతిక శాస్త్రవేత్త మైకెల్సన్. అది ఆ కాలపు అలవాటు. కానీ నదుల విషయంలో చాలాచోట్ల అక్కడి ఇనుపియాట్ ప్రజలు వాడే పేర్లనే అడిగి నమోదు చేశాడు. ఓక్‌పిలాక్ నదికి ఆ భాషలో అర్థం “విల్లో పొదలు లేనిది” అని. పైకి కవిత్వంలా ఉంది, నిజానికి ఇది ప్రయాణికుడికి హెచ్చరిక. చెట్లు లేని దేశంలో, తీరం వదిలి లోపలికి వెళితే పొయ్యిలోకి దొరికేవి ఆ పొదల పుల్లలే. ఈ లోయలో విడిది చేస్తే వంటచెరకు ఉండదని ఆ పేరు చెబుతోంది. పక్కనే హులాహులా నది ఉంది. ఆ మాట ఇనుపియాట్ భాషది కాదు, హవాయి భాషది. తిమింగలాల వేట ఓడల వాళ్ళతో వచ్చి చేరిన పేరు, నాట్యం అని అర్థం. ఒక్క పటం ముక్కలో బ్రిటిష్ మంత్రి, రష్యా ప్రభువు, చికాగో ఆచార్యులు, హవాయి నాట్యం, ఇనుపియాట్ వంటచెరకు పక్కపక్కనే ఉన్నాయి. వీటిలో ఆ నేలను గురించి ఏమైనా చెప్పేది చివరిది ఒక్కటే.

అతని నివేదిక 1919లో భూగర్భ సర్వే సంస్థ ప్రచురణగా వచ్చింది. పటాలతో పాటు అందులో గడ్డకట్టిన నేల లోపల ముక్కోణపు మేకుల్లా దిగి ఉండే మంచు గురించి ఉంది. చలికి నేల పగిలి, వేసవిలో ఆ పగుల్లోకి నీరు దిగి గడ్డకట్టి, ఏటా కొంచెం కొంచెం లావెక్కుతుందని అతను చెప్పిన వివరణ ఈనాటికీ నిలిచింది. సాడ్లెరోచిట్ అని అతను పేరుపెట్టిన ఇసుకరాతి పొరలోనే 1968లో అలాస్కా ఉత్తర తీరంలోని ప్రూడో బేలో పెద్ద చమురు నిల్వ దొరికింది. ఆ తర్వాత ఈ ప్రాంతపు పటం పండితుల వ్యవహారంగా మిగలలేదు.

ఆ తర్వాతి అధ్యాయం గాల్లో నడిచింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వైమానిక దళానికి అలాస్కా పటాలు తక్షణం కావలసి వచ్చాయి. విమానానికి మూడు కెమెరాలు బిగించారు. ఒకటి నిట్టనిలువుగా కిందికి, మిగతా రెండూ చెరో పక్కకు ఏటవాలుగా. మూడు ఫొటోలూ కలిపితే ఈ దిగంతం నుంచి ఆ దిగంతం దాకా నేలంతా వస్తుంది. 20,000 అడుగుల ఎత్తులో, 25 మైళ్ళ ఎడంతో సమాంతరంగా ఎగిరి పెద్ద పెద్ద ప్రాంతాలను కొద్ది కాలంలోనే చుట్టేశారు. కుక్కల బండికి ఏళ్ళు పట్టిన పని గంటల్లోకి వచ్చింది. నదులు ఎటు తిరుగుతాయో ఈ ఫొటోలు బాగా చెప్పాయి. ఎత్తులు మాత్రం అంతంత మాత్రం.

అసలైన స్థలాకృతి పటాలు యుద్ధం తర్వాత వచ్చాయి. స్కేలు 1:63,360, అంటే మైలుకు సరిగ్గా ఒక అంగుళం. మన సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు చూసినవాళ్ళకు ఈ అంకె పరిచయమే, అవీ ఈ స్కేలువే. మన దగ్గర ఆ షీట్లను ఎక్కువగా ప్లేన్ టేబుల్ (కాళ్ళ మీద నిలిపి పటం గీసే బల్ల) భుజాన వేసుకుని పొలాలగట్ల వెంట నడిచి గీశారు. అలాస్కాలో అదే స్కేలు పటాన్ని ఎక్కువగా గదిలో కూర్చుని, ఆకాశంలోంచి తీసిన ఫొటోల నుంచి గీశారు. స్కేలు ఒకటే, పుట్టుక వేరు.

గదిలో ఎలా గీస్తారు? విమానం ముందుకు పోతూ ఒకే చోటును రెండు స్థానాల నుంచి ఫొటో తీస్తుంది. యంత్రంలో ఒక ఫొటో ఎడమ కంటికి, మరొకటి కుడి కంటికి కనిపించేలా పెడతారు. వెంటనే నేల ఉబ్బి బొమ్మ కొండలా లేచి నిలబడుతుంది. ఆ కొండ మీద ఒక చిన్న వెలుగు చుక్క తేలుతూ ఉంటుంది. గీసేవాడు చుక్కను, ఉదాహరణకు, 6,000 అడుగుల ఎత్తుకు సరిచేసి, అది నేలను తాకీ తాకకుండా ఉండేలా కొండ చుట్టూ తిప్పుతాడు. చుక్కతో పాటు పెన్సిలు కదులుతుంది. అదే 6,000 అడుగుల కాంటూరు. చుక్క నేలలో మునిగినా, గాల్లోకి లేచినా గీత తప్పే. రాతి కొండ మీద ఈ పని హాయిగా సాగుతుంది, రాయీ రప్పా నీడా కంటికి పట్టు ఇస్తాయి. మచ్చలేని మంచు మీద కంటికి పట్టు దొరకదు. తెల్లటి దుప్పటి మీద చుక్క ఆనిందో తేలుతోందో తెలియదు. అలాంటి చోట గీసేవాడు అనుభవం మీద ఆధారపడి గీత కలిపేస్తాడు. ఆ ముక్కకు వేరే రంగు వెయ్యడు. ఛాంబర్లిన్ శిఖరం నెత్తిన ఉన్నది మంచు టోపీ అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

పైగా ఈ బొమ్మ కొండకు అసలు ఎత్తు ఎంతో యంత్రానికి తెలియదు. నేల మీద కొన్ని చోట్ల నిజంగా కొలిచిన బిందువులు ఉంటేనే బొమ్మను వాటికి కట్టి నిలబెట్టగలం. హెలికాప్టర్లు వచ్చాక మనుషులను శిఖరాల మీద దింపడం సులువైంది కానీ, ఇంత మారుమూలన అలాంటి బిందువులు పలచగానే ఉంటాయి. మేకులు దూరం దూరంగా కొట్టిన గుడారం మధ్యలో వేలాడినట్టు, వాటి మధ్య ఎత్తులు అటూ ఇటూ ఊగుతాయి.

పటం మీది గీత కొండల విషయంలో తప్పితే పర్వతారోహకులు వాదించుకుంటారు. నది విషయంలో తప్పితే లాయర్లు వాదించుకుంటారు. 1960లో ఈ ప్రాంతాన్ని వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు పడమటి హద్దును కానింగ్ నది పశ్చిమ గట్టుగా చెప్పారు. వినడానికి స్పష్టంగానే ఉంది. కానీ నది సముద్రం దగ్గర డెల్టాగా చీలుతుంది. అన్నిటికన్నా పడమటన ఉన్న పాయకు పటాల్లో స్టెయిన్స్ నది అని విడిగా పేరుంది. స్టెయిన్స్ కూడా కానింగ్‌లో భాగమైతే హద్దు పడమరకు జరుగుతుంది. వేరే నది అనుకుంటే తూర్పుకు జరుగుతుంది. మధ్యలో ఉన్నది దాదాపు 20,000 ఎకరాలు, చమురు క్షేత్రాలకు ఆనుకుని. అలాస్కా రాష్ట్రమూ కేంద్ర ప్రభుత్వమూ ఈ పాయ మీద ఏళ్ళ తరబడి తగువులాడుకుని అప్పీళ్ళ బోర్డు దాకా, ఆపైన కోర్టు దాకా వెళ్ళాయి. పాత పటాలను, పాత వర్ణనలను తిరగేశారు. ఎన్నడో ఎవరో పాయకు వేరే పేరు రాసినప్పుడు, అది ఎకరాల లెక్కలోకి వస్తుందని కలలో కూడా అనుకొని ఉండరు. ఏటా ధారలు మార్చుకునే నదిని హద్దుగా పెట్టుకోవడమే అసలు పొరపాటని నాకనిపిస్తుంది. నదుల పక్కన లంక భూములున్న ఊళ్ళవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

యాభయ్యేళ్ళ పాటు ఆ మైలుకంగుళం పటాలే ఆధారం. 2010 నుంచి అలాస్కా అంతటినీ విమానాల నుంచి రాడార్‌తో మళ్ళీ కొలిచారు. రాడార్ తరంగానికి మబ్బు అడ్డం కాదు, చీకటి అడ్డం కాదు. పక్కపక్కన ఉన్న రెండు యాంటెన్నాలకు తిరిగొచ్చిన తరంగాల్లో ఉండే సన్నని తేడా నుంచి నేల ఎత్తు లెక్క కడతారు. పదేళ్ళ పైచిలుకు కాలంలో 1:25,000 స్కేలులో 11 వేలకు పైగా కొత్త పటాలు వచ్చాయి. పాత షీట్లతో పోల్చి చూస్తే కొన్నిచోట్ల నదులు తమ లోయలోంచి పక్క గట్టు మీదికి ఎక్కినట్టు ఉండేవి. నది ఎక్కడికీ పోలేదు, పాత గీతే పక్కకు పడింది.

చివరికి ఆ శిఖరాల తగువు కూడా తేలింది. హిమానీనదాలను పరిశోధించే మ్యాట్ నోలన్ చిన్న విమానంలో కెమెరా, జీపీఎస్ పెట్టుకుని ఆ కొండల మీద ఎగిరాడు. మంచు కొండలెక్కే స్కీ క్రీడాకారిణి కిట్ డెలోరియర్స్ జీపీఎస్ మోసుకుని శిఖరాల మీదికి వెళ్ళి కొలిచింది. 2016లో ఫలితాలు ప్రచురించారు. జానెడు అటూ ఇటూగా నమ్మదగిన కొలతల ప్రకారం ఇస్టో 8,975 అడుగులు, హబ్లీ 8,916, ఛాంబర్లిన్ 8,899. ఎవరూ పోటీలో ఉందనుకోని హబ్లీ రెండో స్థానానికి వచ్చింది. దశాబ్దాలుగా ఎన్నో పుస్తకాల్లో మొదటి స్థానంలో ఉన్న ఛాంబర్లిన్ మూడో స్థానానికి దిగింది. తొమ్మిది వేల అడుగులు దాటిన కొండ అంటూ ఆ శ్రేణిలో ఒక్కటీ లేదు.

ఈ తేడానంతా పాత సర్వేయర్ల తప్పుగా రాయడం అన్యాయం. ఛాంబర్లిన్ శిఖరాగ్రం మంచు కాబట్టి అది కరిగితే కొండే కురచవుతుంది. ఎంత కొలతలో తప్పు, ఎంత నిజంగా పోయిన మంచు అన్నది ఒక్క అంకెను చూసి విడదీయలేం.

విడదీయడానికి ఉపయోగపడేది మళ్ళీ లెఫింగ్‌వెలే. 1907 జూన్‌లో అతను ఓక్‌పిలాక్ హిమానీనదాన్ని ఫొటో తీశాడు. లోయ అంచు దాకా నిండుగా మంచు. 2004 ఆగస్టులో నోలన్ అదే చోటు వెతుక్కుని నిలబడి అదే దిశలో ఫొటో తీశాడు. మంచు లోయలో బాగా వెనక్కి పోయి ఉంది, ముందువైపంతా బోసి రాళ్ళు. అమెరికా స్థలాకృతి పటాల్లో నేల మీది కాంటూర్లను గోధుమ రంగులో, హిమానీనదాల మీది కాంటూర్లను నీలి రంగులో వేస్తారు. పాత షీట్లలో నీలి గీతలున్న చోటుల్లో కొన్నిటికి ఇప్పుడు గోధుమ రంగు వెయ్యాలి.